స్వల్పకాలిక అద్దెల హోస్టులకు నియమాలు చెప్పే యాప్: చందా కట్టి వాడినవారి మాట

ముందే రేటింగు చెప్పేస్తాను: ఐదుకు రెండున్నర. అందులో రెండు, పత్రాల గడువు గుర్తుచేసే భాగానికి. మిగిలిన అర, చాట్‌లో జవాబిచ్చేవారి ఓపికకు. "మీ ఇంటికి వర్తించే నియమాలన్నీ ఒకేచోట" అని గొప్పగా ప్రకటించుకున్న అసలు భాగానికి మాత్రం మార్కు వేయడానికి చెయ్యి రాలేదు.

ఇంటిని కొన్ని రాత్రుల చొప్పున అతిథులకు అద్దెకిచ్చే యజమానులకు, అంటే హోస్టులకు, ఏ నగరంలో ఏ నియమాలున్నాయో చెప్పే ఈ యాప్ పేరు రాయను. ఈ తరహా చందా సేవలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. నేను చూసినవన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి, లోపాలతో సహా. కొనబోయే ముందు ఏం పరీక్షించాలో తెలిస్తే పేరుతో పనిలేదు.

నేను ఇతరుల ఇళ్ల కాగితాలు చూసిపెట్టే మనిషిని. ఇల్లు ఒక దేశంలో, యజమాని ఇంకో దేశంలో ఉండే కేసులే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. లిస్టింగు, అంటే ఆన్‌లైన్‌లో అద్దె ప్రకటన, పెట్టేముందు ఆ నగరంలో ఏ అనుమతి కావాలి, ఏడాదికి ఎన్ని రాత్రులు ఇవ్వవచ్చు, ప్రకటనలో ఏ సంఖ్య వేయాలి అన్నది వెతికి చెప్పడమే నా జీవనాధారం. ఈ యాప్ నిజంగా బాగుంటే ముందుగా పొట్ట కొట్టేది నాకే. అయినా బాగుండాలనే కోరుకుంటూ కొన్నాను. నగరపాలక సంస్థల వెబ్‌సైట్లలో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి, అక్కడి నుంచి తెరుచుకోని పత్రానికి తిరిగి తిరిగి విసిగిపోయినవారికి ఆ కోరిక అర్థమవుతుంది.

చిరునామా ఇవ్వగానే యాప్ ప్రశ్నలు మొదలుపెడుతుంది. పడకగదులెన్ని, మంచాలెన్ని, ఈతకొలను ఉందా, పెంపుడు జంతువులను రానిస్తారా, పార్కింగు ఇంటి ఆవరణలోనా వీధిలోనా. ఇన్ని అడిగి, అడగవలసిన ఒక్కటి అడగదు: ఆ ఇంట్లో మీరు కాపురముంటున్నారా?

చాలా నగరాల నియమాలు ఈ ప్రశ్న చుట్టూనే అల్లుకుని ఉన్నాయి. టొరంటోలో మీ ప్రధాన నివాసాన్నే స్వల్పకాలిక అద్దెకు ఇవ్వాలి. మొత్తం ఇల్లు ఇస్తే ఏడాదికి 180 రాత్రులు మించకూడదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2024 మే 1 నుంచి చాలా పట్టణాల్లో ఇదే సూత్రం: మీరుండే ఇల్లు, దానికి తోడు అదే స్థలంలోని మరో చిన్న వాటా, అంతే. ఆమ్‌స్టర్‌డామ్‌లో మీరు నివాసిగా నమోదైన ఇంటినే ఇవ్వాలి, ఒకేసారి నలుగురికి మించి అతిథులను పెట్టకూడదు, ప్రతి బసనూ ముందుగా నగరపాలక సంస్థకు తెలపాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో నియమం చూస్తే సంగతి ఇంకా తేటతెల్లమవుతుంది. అక్కడ హోస్టు ఏడాదిలో కనీసం 275 రాత్రులు ఆ ఇంట్లో ఉండాలి. హోస్టు ఇంట్లో లేనప్పుడు ఇచ్చే రాత్రులకు పరిమితి 90. 365లోంచి 275 తీసేయండి. పారిస్ లెక్కా ఇలాంటిదే. ఏడాదిలో కనీసం 8 నెలలు ఉంటేనే అది ప్రధాన నివాసం, మిగిలిన 4 నెలలే అక్కడ 2024 దాకా ఉన్న 120 రోజుల పరిమితి. 2024 నవంబరులో వచ్చిన ఫ్రెంచి చట్టం దాన్ని 90కి తగ్గించుకునే అధికారం స్థానిక సంస్థలకు ఇచ్చింది, పారిస్ 2025 మొదటి నుంచి తగ్గించేసింది. రాత్రుల పరిమితి అని మనం విడిగా చూసేది చాలాచోట్ల నివాసపు లెక్కలో మిగిలిన శేషమే. ఈ ముక్క తెలిసిన మనిషి యాప్ మొదటి తెర గీసి ఉంటే మంచాల సంఖ్య ఎక్కడో పదో ప్రశ్నగా ఉండేది.

ఆ ప్రశ్న అడగకపోతే వచ్చే తంటా ఎలాంటిదో ఒక న్యూయార్క్ ఫ్లాటు విషయంలో చూశాను. చిరునామా ఇవ్వగానే యాప్ "నమోదు తప్పనిసరి" అని చెప్పి, దరఖాస్తు లింకు ఇచ్చి, పక్కన ఒక ఆకుపచ్చ టిక్కు వేసింది. ఆ వాక్యంలో అబద్ధం లేదు. న్యూయార్క్ నగరపు 18వ నంబరు స్థానిక చట్టం 2022లో వచ్చింది, 2023 సెప్టెంబర్ 5 నుంచి గట్టిగా అమలవుతోంది, నమోదు లేకుండా వేదికలు, అంటే ఇళ్ల బుకింగులు నడిపే వెబ్‌సైట్లు, బుకింగు తీసుకోకూడదు. కానీ అసలు షరతులు వేరే ఉన్నాయి. 30 రోజులకు తక్కువైన బసలో హోస్టు కూడా ఆ ఫ్లాటులోనే ఉండాలి. అతిథులు ఇద్దరికి మించకూడదు. లోపలి గదులకు అతిథిని అడ్డగించే తాళాలు వేయకూడదు, ఇల్లంతా తిరిగే వీలుండాలి.

యజమాని ఉత్సాహంగా ఫోన్ చేశారు. "ఆకుపచ్చ టిక్కు వచ్చిందండీ, ఇక లిస్టింగు పెట్టేద్దామా?"

"అతిథి వచ్చిన రాత్రి మీరూ అక్కడే పడుకుంటారా అండీ?" అని అడిగాను.

"నేనెందుకు పడుకుంటాను? నేనుండేది వేరే ఖండంలో కదా!"

"అయితే 30 రోజులకు తగ్గకుండా ఇవ్వండి. లేదా ఆ ఆలోచన మానుకోండి."

ఇంత చిన్న సంభాషణ యాప్‌లో ఎక్కడా జరగదు. దరఖాస్తు నింపి, రుసుము కట్టి, తిరస్కరణ ఉత్తరం వచ్చాక గానీ యజమానికి విషయం తెలియదు.

"స్వల్పకాలికం" అంటే ఎన్ని రోజులో కూడా యాప్ తనకు తోచిన ఒక్క సంఖ్యతో సరిపెట్టింది: 30. న్యూయార్క్‌కు అది సరిపోతుంది. టొరంటోలో హద్దు 28 రోజులు. బ్రిటిష్ కొలంబియాలో 90. సింగపూర్‌లో ప్రైవేటు ఇంటిని వరుసగా 3 నెలలకు తగ్గకుండా ఇవ్వాలి, ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన ఫ్లాటైతే 6 నెలలు. సింగపూర్ ఇంటికి యాప్ "31 రాత్రుల కనీస బస పెట్టుకోండి, నియమాలు వర్తించవు" అని సలహా ఇచ్చింది. ఆ సలహా పాటిస్తే నేరుగా చట్టం ఉల్లంఘించినట్టే.

ఇక రాత్రుల లెక్కింపు. యాప్ కొనడానికి నన్ను ఎక్కువగా ఊరించింది ఈ భాగమే. క్యాలెండర్‌ను కలిపితే చాలు, పరిమితి దగ్గరపడగానే హెచ్చరిస్తుందట. పైకి చూస్తే ఇది కూడికల పని. కానీ ఏం కూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నదే అసలు సమస్య.

లండన్‌లో 90 రాత్రుల పరిమితి 2015 నాటి చట్టంతో వచ్చింది, క్యాలెండరు సంవత్సరం ప్రకారం లెక్క. పెద్ద వేదికలు కొన్ని ఆ సంఖ్య రాగానే తమ క్యాలెండరును తామే మూసేస్తాయి. అయితే పరిమితి ఇంటికి, వేదికకు కాదు. ఒక వేదికలో 60, ఇంకో వేదికలో 50 ఇస్తే రెండుచోట్లా ఇంకా ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది, ఇంటి లెక్క మాత్రం 110 అయి కూర్చుంటుంది. ఇక్కడ యాప్‌కు న్యాయం చేయాలి. రెండు క్యాలెండర్లనూ కలిపి సరిగ్గానే కూడింది. డిసెంబరు 30న వచ్చి జనవరి 3న వెళ్లిన బసను రెండు సంవత్సరాలకూ రెండేసి రాత్రులుగా సరిగ్గా విడగొట్టింది. ఆ రోజు దానిమీద నాకు గౌరవం పెరిగింది.

జపాన్ ఇల్లు కలిపాక ఆ గౌరవం నిలవలేదు. అక్కడి ప్రైవేటు బసల చట్టం 2018 జూన్ 15 నుంచి అమల్లో ఉంది, ఏడాదికి 180 రోజులు ఇవ్వవచ్చు. కానీ ఆ ఏడాది జనవరిలో మొదలవదు. ఏప్రిల్ 1 మధ్యాహ్నం నుంచి మరుసటి ఏప్రిల్ 1 మధ్యాహ్నం దాకా. రోజు కూడా మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికే. యాప్ అన్ని దేశాలకూ జనవరినే పట్టుకుంది. దాంతో జనవరి నుంచి మార్చి దాకా నిండిన రోజులన్నీ తప్పు ఖాతాలో పడ్డాయి. పైగా ఒకే రాత్రి రెండు గదుల్లో రెండు వేర్వేరు బుకింగులు ఉంటే రెండు అని లెక్కగట్టింది. చట్టం చూసేది ఆ ఇల్లు ఆ రోజు అద్దెకు వెళ్లిందా లేదా అన్నదే, కాబట్టి అది ఒక్క రోజే. యజమానికి ఇంకా రోజులు మిగిలి ఉండగానే యాప్ ఎర్రజెండా ఊపింది.

అదీ జాతీయ చట్టం వరకే. స్థానిక సంస్థలు దాన్ని ఇంకా బిగించవచ్చు. క్యోటో నగరం కేవలం నివాసాలకే కేటాయించిన ప్రాంతాల్లో జనవరి 15 మధ్యాహ్నం నుంచి మార్చి 16 మధ్యాహ్నం దాకానే అనుమతించింది. చెర్రీలు పూయకముందే, ఎముకలు కొరికే చలిలో, పర్యాటకులు పలచబడిన ఆ కాస్త వ్యవధిలో! నియమం రాసినవారికి తమ ఊరి రద్దీ ఎప్పుడుంటుందో బాగా తెలుసు. ఇక్కడా యజమాని అదే ఇంట్లో ఉంటే మినహాయింపు దొరుకుతుంది. మళ్లీ ఆ ప్రశ్నే. యాప్ క్యోటో పేజీలో మాత్రం "180 రోజులు" అని ఉంది, అంతే.

పత్రాల జాబితా భాగం బాగుందని మొదటే అన్నాను. స్కాట్లాండ్ ఇంటికి అది ఇచ్చిన జాబితాలో నేను వేలెత్తి చూపడానికి ఏమీ దొరకలేదు. అక్కడ లైసెన్సు లేకుండా స్వల్పకాలిక అద్దె కుదరదు. అంతకుముందు నుంచీ నడుపుతున్న హోస్టులు కూడా 2023 అక్టోబరు 1 లోపు దరఖాస్తు చేసుకోవలసి వచ్చింది. గ్యాస్ పరికరాలకు ఏటా తనిఖీ, విద్యుత్తు అమరికలకు నివేదిక, ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపిన పొగ అలారాలు, వంటగదిలో వేడిని పసిగట్టే అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం, బీమా. చివరికి లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా నీటి గొట్టాల్లో పెరిగే ప్రమాదం ఉందో లేదో అంచనా వేసిన కాగితం కూడా. ఇల్లు కొన్ని వారాలు ఖాళీగా ఉండి, నీళ్లు గొట్టాల్లో గోరువెచ్చగా నిలిచిపోయి, కొత్త అతిథి వచ్చి షవరు తిప్పితే ఆ తుంపర్లతోపాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే రకం అది. చాలామంది యజమానులు ఈ పేరే విని ఉండరు. యాప్ ఆ కాగితాన్ని జాబితాలో పెట్టడమే కాక, ప్రతి పత్రం గడువు తీరడానికి తగినంత ముందుగా గుర్తుచేసింది. గ్యాస్ తనిఖీ మనిషిని పిలిపించే వ్యవధి దొరికింది. ఇంత పనితనం ఉన్నవారు మిగతా భాగాలను ఇలా ఎందుకు వదిలేశారో నాకు అంతుపట్టదు.

మరో విడ్డూరం ఏమిటంటే, స్కాట్లాండ్ లైసెన్సుల్లోనే నాలుగు రకాలున్నాయి: మీరుంటూ గది ఇవ్వడం, మీరు లేనప్పుడు మీ ఇల్లు ఇవ్వడం, ఈ రెండూ కలిపి, మీరు అసలు నివసించని ఇల్లు ఇవ్వడం. దరఖాస్తు ఫారమే ఆ ప్రశ్న అడుగుతుంది. ఆ ఫారాన్ని యాప్‌లో యథాతథంగా పెట్టినవారికి అది కనబడలేదు. ఎడిన్‌బరాలో నాలుగో రకానికి లైసెన్సు ఒక్కటే చాలదు కూడా. 2022 సెప్టెంబర్ 5 నుంచి నగరమంతా స్వల్పకాలిక అద్దెల నియంత్రణ ప్రాంతం, ఇంటి వినియోగం మార్పుకు ప్రణాళికా అనుమతి విడిగా చూసుకోవాలి.

అతిథుల వివరాలు పోలీసులకు పంపే బాధ్యత గురించి యాప్‌లో ఒక్క పేరా ఉంది, అదీ అడుగున. ఇటలీలో అతిథి వచ్చిన 24 గంటల్లో, ఒక్క రోజు బసకైతే 6 గంటల్లో పంపాలి. భారతదేశంలో విదేశీ అతిథి దిగితే 24 గంటల్లో ఆ వివరాలు అధికారులకు పంపాలి. రోజూ చేయవలసిన పని ఇది. లైసెన్సు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి గుర్తుకొస్తుంది గానీ ఇది ప్రతి బుకింగుకూ గుర్తుండాలి. గుర్తుచేయడంలో అంత దిట్ట అయిన యాప్ దీన్ని ఎందుకు గుర్తుచేయదు?

నగరం సరే అన్నా భవనం వద్దనవచ్చు. ఇది యాప్ దృష్టిలోనే లేదు. న్యూయార్క్‌లో భవన యజమాని తన భవనాన్ని నిషేధిత జాబితాలో చేర్పించుకోవచ్చు, అప్పుడు అందులోని ఏ ఫ్లాటుకూ నమోదు దొరకదు. స్పెయిన్‌లో 2025 ఏప్రిల్ నుంచి కొత్తగా పర్యాటక అద్దె మొదలుపెట్టాలంటే ఆ భవనంలోని యజమానుల సంఘం అయిదింట మూడు వంతుల మెజారిటీతో ఒప్పుకోవాలి. అద్దెకున్నవారు తిరిగి అద్దెకిచ్చేటప్పుడు ఒప్పంద పత్రం, ఇంటి అప్పు షరతులు, మామూలు గృహ బీమా చెల్లే పరిస్థితులు, ఇవన్నీ నగర నియమాలకు ముందే అడ్డుపడతాయి. నేనైతే యజమాని చేత మొదట ఈ మూడు కాగితాలు తెప్పించుకుంటాను, ఆ తర్వాతే నగరం పేజీ తెరుస్తాను. యాప్ మొదలే చివర నుంచి.

ఇంకో పెద్ద లోపం, నియమాల పేజీ మీద తేదీ లేకపోవడం. ఈ రంగంలో తేదీ లేని సమాచారం ప్రమాదకరం. బార్సిలోనా మేయర్ జౌమె కొల్బోని 2024 జూన్‌లో ప్రకటించిన దాని ప్రకారం, నగరంలోని 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబరు తర్వాత కొనసాగవు. ఫ్లోరెన్స్ తన చారిత్రక కేంద్రంలో కొత్త స్వల్పకాలిక అద్దెలకు 2023లోనే తలుపులు మూసింది. ఈ రెండు నగరాల్లో ఇప్పుడు ఫ్లాటు కొని అద్దెల మీద అప్పు తీర్చాలనుకునేవారికి తెలియవలసిన మొట్టమొదటి సంగతి ఇదే. యాప్‌లోని బార్సిలోనా పేజీ లైసెన్సు సంఖ్య ప్రకటనలో ఎక్కడ వేయాలో శ్రద్ధగా బొమ్మ గీసి చూపిస్తుంది. ఆ లైసెన్సుకు ఆయుష్షు ఎంతో చెప్పదు.

ఈ విషయం చాట్‌లో అడిగాను. అటువైపు మనిషి నిజంగా మర్యాదస్తుడు. "మా సమాచారం సాధారణ అవగాహన కోసమేనండి, దయచేసి మీ స్థానిక అధికారులను సంప్రదించండి" అన్నారు. స్థానిక అధికారులను సంప్రదించే బాధ తప్పుతుందనే కదా చందా కట్టింది! పేజీ చివరిసారి ఎప్పుడు సరిచూశారో కనీసం తేదీ వేయండి అని కోరాను. పై వారికి పంపుతామన్నారు. ఇది రాసే సమయానికి తేదీ కనిపించలేదు.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఇల్లున్నవారికి మాత్రం ఒక మాట. అక్కడ 2024/1028 సంఖ్య గల నిబంధన అమలు తేదీ 2026 మే 20. నమోదు పద్ధతి ఉన్న ప్రాంతాల్లో వేదికలు నమోదు సంఖ్యను అడిగి ప్రకటనలో చూపించాలి, ఏ ఇంట్లో ఎన్ని రాత్రులు ఎంతమంది ఉన్నారన్నది అధికారులకు పంపాలి. ఆ నిబంధన కొత్తగా రాత్రుల పరిమితి ఏదీ పెట్టదు. కానీ రెండు వేదికల్లో విడివిడిగా దాగి ఉన్న 60, 50 లాంటి లెక్కలు అక్కడ ఇకపై ఒకే బల్ల మీదికి వస్తాయి. అందుకే ఈ యాప్‌లో రెండు క్యాలెండర్లను కలిపి కూడే ఆ ఒక్క సౌకర్యం లండన్ తరహా జనవరి లెక్క ఉన్న నగరాల్లో డబ్బులు పెట్టి కొనదగినదే.

ఎవరు తీసుకోవచ్చు? ఒకే నగరంలో, తాము నివసించే ఇంట్లో ఒకటి రెండు గదులు ఇచ్చేవారు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. వారికి పత్రాల గడువులే ముఖ్యం, అందులో ఈ యాప్ మాట తప్పలేదు. దూరాన ఉండి ఖాళీ ఇంటిని నడపాలనుకునేవారు మొదట ఇంటి ఒప్పందం, భవన సంఘం నిబంధనలు, బీమా పత్రం ముందేసుకోండి, తర్వాత నగరపాలక సంస్థ పేజీలో "ప్రధాన నివాసం" అనే మాట వెతకండి. అది కనబడితే చాలాసార్లు యాప్ అవసరమే రాదు.

నేను వార్షిక చందా రద్దు చేసి నెలవారీకి మారాను, అదీ స్కాట్లాండ్, లండన్ ఇళ్ల కోసం. మీరూ రద్దు చేస్తే ముందుగా మీరు ఎక్కించిన ధ్రువపత్రాలన్నీ దించుకుని పెట్టుకోండి. ఖాతా స్థాయి తగ్గగానే జపాన్ ఇంటి పత్రాల ఫోల్డరు తెరుచుకోవడం మానేసింది, వాటిని తిరిగి రప్పించుకోవడానికి మళ్లీ ఆ మర్యాదస్తుడినే బతిమాలవలసి వచ్చింది.